క్రూయిజర్ ముందు ఫోర్కు: యూఎస్‌డీకి మారాలా, ఉన్నదాన్నే బాగుచేసుకోవాలా?

పెన్నా గట్టు · కడప

అందరికీ నమస్కారం. బండి 350 సీసీ క్రూయిజర్. పేరు చెబితే కంపెనీ అభిమానుల తగాదా మొదలవుతుంది, అందుకే చెప్పడం లేదు. ముందు మామూలు టెలిస్కోపిక్ ఫోర్కు (చక్రాన్ని రెండు వైపులా పట్టుకుని, గొట్టంలో గొట్టం జారే షాకబ్జరు జత), గొట్టాలు 41 మి.మీ., ట్రావెల్ (దిగగల మొత్తం దూరం) 130 మి.మీ. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఫోర్కు ఆయిలు మార్చినట్టు పాత యజమాని ఇచ్చిన సర్వీసు పుస్తకంలో ఎక్కడా లేదు. నా బరువు 94 కిలోలు. ఆదివారాలు ఇంటావిడతో కలిసి రాయచోటి, గండికోట, బెలూం వైపు తిరుగుతుంటాం.

ఇబ్బంది రెండు చోట్ల. గువ్వలచెరువు ఘాట్ దిగుతూ మలుపు ముందు బ్రేకు పట్టగానే బండి ముక్కు కిందికి కూరుకుపోతుంది. బ్రేకు వదిలితే పైకి లేస్తుంది, ఆ ఊపులో అనుకున్న గీత తప్పుతుంది. రెండోది ఇందుకు పూర్తిగా తిరగబడ్డ సంగతి. కొలిమిగుండ్ల దారిలో రాయి లారీలు తిరిగి గతుకులు పడిన చోట అరవై వేగంలో వెళ్తే ప్రతి దెబ్బా మణికట్టుకు తెలుస్తోంది. మెత్తగా ఉన్న ఫోర్కు అక్కడ మాత్రం ఇనుప కడ్డీ ఎందుకవుతోంది? ఎడమ గొట్టం మీద ఆయిలు చెమ్మ కూడా కనబడుతోంది.

బెంగళూరులో ఒక షాపు వాళ్లు యూఎస్‌డీ (అప్‌సైడ్ డౌన్, అంటే లావు గొట్టం పైకి వచ్చేలా తలకిందులుగా పెట్టే) ఫోర్కు వేసిస్తామని 48 వేలు అడిగారు. చూడటానికి బాగుంటుందన్న ఆశ నాకూ ఉంది, దాచను. కానీ జబ్బు పోతుందా?

కోవా ప్రియుడు · రాయచోటి

ఘాట్‌లో ముక్కు వంగడం బండి తప్పు కాదండీ. గువ్వలచెరువు కోవా వాసన తగిలితే ఏ బండైనా వంగుతుంది.

బురుజు నీడ · కర్నూలు

పెన్నా గట్టు గారూ, 48 వేల మాట పక్కన పెట్టండి. టేపు పట్టుకుని పది నిమిషాలు కేటాయించండి. కొలత లేకుండా ఫోర్కు గురించి ఎవరు ఏం చెప్పినా అది జాతకమే.

బండిని సెంటర్ స్టాండు వేసి, వెనక ఎవరినైనా నొక్కి పట్టుకోమని, ముందు చక్రం నేల వదిలేలా చూడండి. ఇప్పుడు ఫోర్కు పూర్తిగా సాగి ఉంటుంది. దుమ్ము సీలు (కింది గొట్టం మూతి దగ్గరి రబ్బరు రింగు) పై అంచు నుంచి కింది క్లాంపు (గొట్టాలను పట్టి ఉంచే దిమ్మ) దాకా మెరిసే గొట్టం ఎంత కనబడుతోందో కొలవండి. తర్వాత చక్రాలు నేల మీద పెట్టి, ఎవరూ ఎక్కకుండా అదే కొలత తీసుకోండి. చివరగా హెల్మెట్ పెట్టుకుని, మీరు ఎప్పుడూ కూర్చునే తీరులో కూర్చుని, కాళ్లు ఫుట్ రెస్టుల మీద పెట్టి కొలిపించుకోండి. మొదటి కొలతకూ మిగతా రెండింటికీ ఉన్న తేడా శాగ్. వీధి బండికి మనిషి ఎక్కినప్పుడు మొత్తం ట్రావెల్‌లో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా దిగాలి. మీ 130లో అది 33 నుంచి 43 మి.మీ.

ఇంకో పని. గొట్టం చుట్టూ ఒక ప్లాస్టిక్ టై వదులుగా కట్టి, సీలు మీదకు తోసి, ఘాట్ ఒకసారి దిగి రండి. ఫోర్కు ఎంత లోతు దిగిందో అది పైన ఆగి చూపిస్తుంది.

రాకెట్ రాయుడు · బెంగళూరు (సొంతూరు ప్రొద్దుటూరు)

ఇంత తతంగం ఎందుకు? అది 1950ల నాటి డిజైను. యూఎస్‌డీ వేయించండి, తేడా మొదటి స్పీడ్ బ్రేకరుకే తెలుస్తుంది. నా క్రూయిజర్‌కు వేయించాను. ప్రొద్దుటూరు నుంచి బెంగళూరుకు ఆగకుండా వచ్చినా భుజాలు పట్టేయడం లేదు. మలుపులో హ్యాండిల్ ఊగడం పోయింది. డబ్బు పెడితే డబ్బుకు తగ్గ పని జరుగుతుంది.

పాత రసీదు · నంద్యాల

1950లు కాదు రాయుడు గారూ, ఇంకా పాతది. ఆయిలు డాంపింగుతో (ఊపును ఆయిలుతో అదుపు చేసే పద్ధతి) టెలిస్కోపిక్ ఫోర్కు అమ్మకానికి వచ్చింది 1935లో, బీఎండబ్ల్యూ ఆర్12 మీద. హార్లే వాళ్లు తమ పెద్ద బళ్లకు దాన్ని 1949లో, హైడ్రా గ్లైడ్‌తో తెచ్చారు. పాతదైనంత మాత్రాన పనికిరానిదైతే చక్రం సంగతేమిటి?

పెన్నా గట్టు · కడప

కొలిచాను. మా అబ్బాయి టేపు పట్టాడు. ఖాళీ బండి శాగ్ 27. నేను ఎక్కితే 52. ఇద్దరం ఎక్కితే 54. ఇంటావిడ ఎక్కితే రెండే మి.మీ. పెరగడం చూసి కొలత తప్పేమోనని మళ్లీ చూశాం, అంతే వచ్చింది. ప్లాస్టిక్ టై ఘాట్ దిగేసరికి కింది క్లాంపుకు వేలు దూరంలో ఆగింది.

బురుజు నీడ · కర్నూలు

మీ కొలత సరైనదే. వెనక కూర్చునే మనిషి బరువు దాదాపు అంతా వెనక చక్రం మీదే పడుతుంది. అందుకే జంటగా వెళ్లే వాళ్లు ముందు ఫోర్కు కన్నా ముందు వెనక షాకబ్జర్ల ప్రీలోడ్ (స్ప్రింగును ముందే నొక్కి ఉంచే బిగింపు) పెంచుకోవాలి. మీరు ఇద్దరు వెళ్లేటప్పుడు వెనక మెట్టు మారుస్తున్నారా? మార్చకపోతే వెనక కుంగి, ముందు ఎత్తుగా అయి, హ్యాండిల్ తేలిపోతుంది. దాన్ని కూడా జనం ఫోర్కు ఖాతాలోనే రాస్తారు.

ఇప్పుడు అసలు విషయం. 52 అంటే 130లో 40 శాతం. మీరు కూర్చోగానే ట్రావెల్‌లో అంత భాగం ఖర్చయిపోయింది. మిగిలింది 78. ఘాట్ దిగుతున్నప్పుడు వాలు ఒకవైపు, బ్రేకు ఒకవైపు బరువును ముందుకు తోస్తాయి. స్ప్రింగు ఆ 78ని కూడా ఇచ్చేస్తోంది. ఇది స్ప్రింగు సంగతి. బ్రేకు పట్టి ఉంచినంత సేపూ ఫోర్కు ఎంత లోతున నిలబడాలో తేల్చేది స్ప్రింగే. ఎంత త్వరగా అక్కడికి చేరాలో మాత్రమే ఆయిలు తేలుస్తుంది. కాబట్టి "చిక్కటి ఆయిలు పోస్తే వంగదు" అనే సలహా వస్తే వినకండి. వంగుతుంది, కాస్త ఆలస్యంగా వంగుతుంది.

గతుకుల్లో దెబ్బ కొట్టడం వేరే కథ. మీ ఫోర్కులో ఉన్నది డాంపర్ రాడ్డు. గొట్టంలో నిలబడిన ఒక కడ్డీ, దానికి కొన్ని రంధ్రాలు. ఫోర్కు దిగినప్పుడల్లా ఆయిలు ఆ రంధ్రాల గుండా పోవాలి. నీళ్లు నింపిన సిరంజిని మెల్లగా నొక్కితే వేలికి ఏమీ తెలియదు, ఒక్కసారిగా నొక్కితే రాయిలా అడ్డుకుంటుంది. ఇదీ అంతే. ఆయిలు వేగం రెట్టింపైతే అడ్డు నాలుగు రెట్లవుతుంది. బ్రేకు పట్టినప్పుడు ఫోర్కు కదిలేది మెల్లగా, అప్పుడు అడ్డు చాలదు. పదునైన గతుకు తగిలినప్పుడు కదలాల్సింది మహా వేగంగా, అప్పుడు అడ్డు మితిమీరుతుంది. మీ రెండు ఫిర్యాదులూ ఒకే బండిలో ఉండటంలో వింత లేదు. చిక్కటి ఆయిలు పోస్తే మొదటిది కాస్త తగ్గి రెండోది బాగా పెరుగుతుంది.

పైగా ఏళ్ల తరబడి మార్చని ఆయిలు ఎలా ఉంటుందో తీసినప్పుడు చూద్దురుగాని. ముక్కు మూసుకుని తీయండి.

లేత్ అబ్బాయి · తాడిపత్రి

బురుజు అన్న చెప్పినదానికి ఒక ముక్క కలుపుతాను. క్రూయిజర్ ఫోర్కు మామూలు బళ్ల కన్నా ముందుకు వాలి ఉంటుంది. నేల నుంచి వచ్చే దెబ్బ నిటారుగా వస్తుంది, గొట్టం మాత్రం ఏటవాలుగా జారాలి. దెబ్బలో కొంత భాగం గొట్టాన్ని వంచడానికే పోతుంది. ఆ వంపు బుష్షుల్ని (గొట్టం జారే లోపలి రింగుల్ని) పట్టేస్తుంది. అందుకే చిన్న గతుకులకు ఈ బళ్ల ఫోర్కు కదలకుండానే దెబ్బను చేతికి పంపుతుంది. బుష్షులు అరిగినా, యాక్సిల్ (చక్రం ఇరుసు) వంకరగా బిగించినా ఇంకా పట్టేస్తుంది. నా దగ్గరకు "షాకబ్జర్లు పోయాయి" అని వచ్చే బళ్లలో చాలా వాటికి పోయింది ఏమీ ఉండదు. పంక్చరు వేసినవాడు యాక్సిల్ పించ్ బోల్టు (ఇరుసును ఫోర్కు కాలిలో నొక్కి పట్టేది) ముందు బిగించి ఉంటాడు.

సరైన వరస ఇది. ముందు యాక్సిల్ నట్టు బిగించాలి. పించ్ బోల్టు వదులుగానే ఉంచాలి. బండిని నేల మీద నిలబెట్టి, ముందు బ్రేకు పట్టి, హ్యాండిల్ మీద బరువు వేసి బాగా నాలుగైదు సార్లు కిందికి పైకి ఊపాలి. ఫోర్కు కాళ్లు రెండూ తమకు నచ్చిన దూరంలో సర్దుకుంటాయి. అప్పుడు పించ్ బోల్టు. దీనికి పైసా ఖర్చు లేదు.

రాకెట్ రాయుడు · బెంగళూరు

సరే, మీరు వాషర్లు లెక్కపెట్టుకుంటూ ఉండండి. కంపెనీలు పిచ్చివా మరి? రాయల్ ఎన్‌ఫీల్డ్ సూపర్ మీటియర్ 650కి షోవా కంపెనీ యూఎస్‌డీ ఎందుకు ఇచ్చారు?

బురుజు నీడ · కర్నూలు

పిచ్చివి కావు. 241 కిలోల బండి, రెండు సిలిండర్ల ఇంజను, ఆ వేగాలకు ముందు భాగం బిగుతుగా ఉండాలి. యూఎస్‌డీలో లావు గొట్టం పైన క్లాంపుల్లో ఉంటుంది కాబట్టి బ్రేకుకు, మలుపుకు వంగదు. ఆ గుణాన్ని ఎవరూ కాదనలేదు. కానీ దాని ట్రావెల్ చూశారా? 120 మి.మీ. 350 మీటియర్‌లోని మామూలు ఫోర్కుకు 130. తలకిందులు చేసినంత మాత్రాన మెత్తదనం రాదు. లోపల వాల్వులు, స్ప్రింగు ఆ బండి బరువుకు కుదిర్చారు కాబట్టి ఆ బండికి బాగుంది. వేరే బండి నుంచి తెచ్చిన ఫోర్కు ఆ వేరే బండి బరువుకు కుదిర్చినది. మీకు కుదిరిందంటే మీ అదృష్టమో, వేసినవాడి పనితనమో. రెండోదైతే ఆయన ఏమేం మార్చాడో ఇక్కడ రాయండి, పది మందికి పనికొస్తుంది.

రాకెట్ రాయుడు · బెంగళూరు

రాస్తాను, దాచుకోవడానికేముంది. కింది, పై క్లాంపులు రెండూ అల్యూమినియం దిమ్మ నుంచి కోయించారు. స్టీరింగ్ కడ్డీ పాతదే ఉంచి కొత్త క్లాంపులో నొక్కించారు. యాక్సిల్ మందం వేరు కాబట్టి చక్రం బేరింగులు మార్చి, బుష్షులు తిప్పించారు. కాలిపర్ (బ్రేకు ప్యాడ్లను నొక్కే భాగం) పాతది కూర్చోలేదు, ఫోర్కుతో వచ్చినదే వాడాం. ఏబీఎస్ సెన్సరుకు చిన్న బ్రాకెట్టు చేశారు. స్ప్రింగులు నా బరువుకు తగ్గవి వేశారు. రెండు వారాలు బండి అక్కడే ఉంది. ఇప్పటికీ నాది సరైన నిర్ణయమనే అంటాను. వంపుల్లో ఆ బిగుతు మీరు నడిపి చూస్తే గాని తెలియదు.

లేత్ అబ్బాయి · తాడిపత్రి

రాయుడు అన్నా, స్ప్రింగులు మార్పించారు, సెన్సరు వదలలేదు. మీకు చేసినవాడు పని తెలిసినవాడు. నేను భయపడేది మిగతావాళ్ల గురించి. స్టీరింగ్ కడ్డీని కొత్త క్లాంపులో నొక్కే పని సరిగ్గా కుదరకపోతే వెల్డింగ్ పెట్టి సరిపెట్టేవాళ్లను చూశాను. బండి మొత్తం ముందు భాగం వేలాడేది ఆ ఒక్క కడ్డీ మీద. అక్కడ వెల్డింగ్ కనబడితే ఆ బండి ఎక్కకండి. ఫోర్కు పొడవు తేడా వచ్చినా చూసుకోవాలి. పొట్టిదైతే ముందు దిగి, ట్రెయిల్ (ముందు చక్రాన్ని సూటిగా నిలిపే కొలత) తగ్గి, హైవే మీద నిలకడ పోతుంది. నిండా దిగినప్పుడు టైరు పోయి మడ్‌గార్డుకో రేడియేటరుకో ఇంజను గార్డుకో తగులుతుందేమో స్ప్రింగులు తీసేసి ఒకసారి కిందిదాకా దించి చూడాలి. చాలామంది చూడరు.

పాత రసీదు · నంద్యాల

చట్టం మాట కూడా ఒకసారి చెప్పుకుందాం. మోటారు వాహనాల చట్టం, 1988లో సెక్షన్ 52 ప్రకారం తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ కేసులో సుప్రీంకోర్టు దీన్నే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో 182ఎ(4) వచ్చింది. అనుమతి లేని మార్పుకు యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ.

దారిలో ఆపిన పోలీసు సైలెన్సరు మాత్రమే చూస్తాడు, ఫోర్కు చూడడు అంటారు. నిజమే. ప్రమాదం జరిగాక వచ్చే బీమా సర్వేయరు మాత్రం ఫోర్కే చూస్తాడు. ఆయిలు, సీళ్లు, అదే కొలతలో స్ప్రింగు మార్చుకోవడం మరమ్మతు కిందికి వస్తుందని నా అభిప్రాయం. ముందు భాగమంతా వేరే బండిది తెచ్చి తగిలించడం ఆ లెక్కలోకి రాదు. ఎంత అందంగా తగిలించినా సరే.

రాకెట్ రాయుడు · బెంగళూరు

భయపెట్టడానికి చట్టం, బుజ్జగించడానికి కోవా. ఈ చర్చలో అన్నీ ఉన్నాయి.

ఎర్రనేల · అనంతపురం

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. అందరూ ఫోర్కు గట్టిపడాలంటున్నారు, నాది తిరగబడిన కేసు. నా బరువు 51 కిలోలు, ఒక్కదాన్నే వెళ్తాను. బండి 220 సీసీ క్రూయిజర్. ఊరు దాటాక పల్లె స్పీడ్ బ్రేకర్లు వస్తే ముందు చక్రం ఎగిరి పడుతుంది గాని ఫోర్కు కదిలినట్టే ఉండదు. ఈ మధ్య సీళ్లు మార్పించాను, ఆ తర్వాత ఇంకా మొద్దుబారింది. మెకానిక్కును అడిగితే "గట్టిగా ఉంటే మంచిదే కదమ్మా" అన్నాడు. నాకేం మంచిది?

బురుజు నీడ · కర్నూలు

మీ ప్రశ్న ఈ చర్చకు కావలసిన ప్రశ్న. సీళ్లు మార్చాక మొద్దుబారిందంటే మొదటి అనుమానం ఆయిలు మీదే. చాలా చోట్ల ఫోర్కులో ఇంజను ఆయిలే పోస్తారు. ఫోర్కుకు వాడే 10డబ్ల్యూ ఆయిలు చిక్కదనం 40 డిగ్రీల దగ్గర సుమారు 32 సెంటీస్టోక్‌లు. 20డబ్ల్యూ50 ఇంజను ఆయిలుకు అది 150 పైనే. ఆ రంధ్రాల్లోంచి ఆ ఆయిలు వెళ్లేసరికి మీరు స్పీడ్ బ్రేకరు దాటి వెళ్లిపోయి ఉంటారు. రెండో అనుమానం కొలత. లోపల ఆయిలు మట్టం ఎక్కువైతే పైన గాలికి చోటు తగ్గుతుంది, ఆ గాలే ఇంకో స్ప్రింగుగా మారి ఎదురు తిరుగుతుంది. ఇంకా ఎక్కువైతే సీలు ఊడిపోతుంది.

కంపెనీ చెప్పిన ఆయిలు, కంపెనీ చెప్పిన కొలత పోయించి, శాగ్ చూడండి. మీరు ఎక్కినా ట్రావెల్‌లో ఐదో వంతు కూడా దిగకపోతే స్ప్రింగు మీది స్పేసరును (స్ప్రింగును నొక్కి ఉంచే గొట్టం ముక్కను) కొద్దిగా తగ్గించవచ్చు. 51 కిలోల మనిషికీ 94 కిలోల మనిషికీ ఒకే స్ప్రింగు ఇచ్చి పంపుతారు, ఇద్దరూ తమ ఒళ్లే బాగోలేదనుకుంటారు.

ఎర్రనేల · అనంతపురం

ఆయిలు డబ్బా మీద 10 అని ఉంటే చాలా? ఇక్కడ రెండు కంపెనీలవి దొరుకుతున్నాయి. ఒకటి మరోదానికన్నా పల్చగా కనబడుతోంది.

లేత్ అబ్బాయి · తాడిపత్రి

చాలదు అక్కా. ఫోర్కు ఆయిలు డబ్బా మీది ఆ అంకె ఒక్కో కంపెనీ ఒక్కో రకంగా వేసుకుంటుంది. ఒకరి 10 ఇంకొకరి 15కు దగ్గరగా ఉండవచ్చు. వెనక చిన్న అక్షరాల్లోనో, కంపెనీ సైటులోనో 40 డిగ్రీల దగ్గర సెంటీస్టోక్‌ల అంకె ఉంటుంది, దాన్ని పోల్చుకోండి. ఒక కంపెనీ పట్టుకున్నాక మళ్లీ మళ్లీ అదే వాడండి. మన ఎండల్లో మే మధ్యాహ్నం ఫోర్కు ఆయిలు 40 డిగ్రీల పైనే ఉంటుంది, కాబట్టి ఆ అంకె మనకు నిజంగానే పనికొచ్చే అంకె.

పెన్నా గట్టు · కడప

యూఎస్‌డీ ఆలోచన ప్రస్తుతానికి మానుకున్నాను. ఆయిలు, సీళ్లు, స్పేసరు వరకు ఇక్కడే చేయించాలనుకుంటున్నాను. మా వీధి మెకానిక్కు ఓపికస్తుడు, చెబితే వింటాడు. లేత్ తమ్ముడూ, ఏ వరసలో చేయాలో కాస్త వివరంగా రాయగలవా? ఆయనకు చూపిస్తాను.

లేత్ అబ్బాయి · తాడిపత్రి

రాస్తాను అన్నా. షాపు మూశాక రాస్తున్నాను, ఎక్కడైనా తడబడితే బురుజు అన్న సరిచేయాలి.

బండిని సెంటర్ స్టాండు మీద పెట్టి ఇంజను కింద జాకీ, దాని మీద చెక్క పెట్టాలి. కాలిపర్ విప్పాక హోసు మీద వేలాడదీయకూడదు, బైండింగు వైరుతో ఫ్రేముకు కట్టాలి. ఆ తర్వాత లివరు ఎవరూ నొక్కకుండా చూసుకోవాలి. చక్రం, మడ్‌గార్డు తీశాక, ముందు పై క్లాంపు బోల్టు మాత్రమే వదులు చేసి, కింది క్లాంపు పట్టి ఉండగానే గొట్టం మూత ఒక చుట్టు తిప్పి వదిలించాలి. గొట్టం బయటికి తీశాక మూత విప్పాలని చూస్తే అది తిరగదు, వైస్‌లో పెట్టి గొట్టం పాడుచేస్తారు. మూత చివరి మరలకు వచ్చేటప్పుడు అరచేయి అదిమిపెట్టి తిప్పాలి, ముఖం పక్కకు ఉండాలి. కింద స్ప్రింగు నొక్కుకుని ఉంటుంది, ఎగిరితే కన్ను పోతుంది.

ఆయిలు వంచేసి, గొట్టాన్ని కిందికి పైకి ఆడిస్తూ మిగిలింది కూడా కార్పించాలి. మీ బండిలో వచ్చేది బూడిద రంగులో, అడుగున అల్యూమినియం మెరుపుతో ఉంటుందని పందెం. అడుగున ఉన్న అలెన్ బోల్టు విప్పుతుంటే లోపలి రాడ్డు కూడా దానితో తిరిగి విసిగిస్తుంది. స్ప్రింగు, మూత మళ్లీ బిగించి, ఫోర్కును నొక్కి పట్టి విప్పితే సాధారణంగా వస్తుంది. ఆ బోల్టు కింది రాగి వాషరు కొత్తది వేయాలి. పాతదే వేస్తే పది రోజుల్లో యాక్సిల్ దగ్గర ఆయిలు చెమ్మ.

కొత్త సీలు వేసే ముందు గొట్టం మీద వేలి గోరు నిలువునా లాగి చూడాలి. రాయి దెబ్బకు లేచిన ముల్లు గోటికి తగులుతుంది. చిన్నదైతే 1500 నంబరు నీటి ఎమరీ, ఆయిలు తడితో, ఆ ముల్లు మీద మాత్రమే. క్రోము లేచి తుప్పు గుంట పడి ఉంటే సీలు ఎంత మంచిదైనా నిలవదు, గొట్టం మార్చాలి లేదా హార్డ్ క్రోము చేయించాలి. అసలు మీ చెమ్మకు సీలు మార్చకముందే ఒక ప్రయత్నం ఉంది. పాత ఎక్స్‌రే ఫిల్ము ముక్కను కొక్కెంలా కత్తిరించి, దుమ్ము సీలు పైకెత్తి, ఆయిలు సీలు పెదవి కింద చుట్టూ తిప్పితే ఇసుక రేణువు ఊడి వస్తుంది. చాలాసార్లు కారడం అక్కడితో ఆగుతుంది. మీది ఎలాగూ విప్పుతున్నారు కాబట్టి కొత్తవే వేసేయండి.

ఆయిలు పోసేటప్పుడు ఇన్ని మిల్లీలీటర్లు అని కొలిచి వదిలేయకండి. పాత ఆయిలు లోపల ఎంత అంటుకుందో తెలియదు. స్ప్రింగు లేకుండా గొట్టాన్ని పూర్తిగా దించి, మెల్లగా పంపు కొట్టి గాలి బుడగలు ఆగేదాకా ఆగి, పై అంచు నుంచి ఆయిలు మట్టం దాకా కొలవాలి. సిరంజికి సెలైన్ పైపు తగిలించి, పైపు చివర నుంచి కావలసిన కొలత దగ్గర గుర్తు పెట్టుకుని, ఆ గుర్తు అంచుకు ఆనించి లాగితే ఎక్కువైనది వచ్చేస్తుంది. రెండు కాళ్లలోనూ మట్టం ఒకటిగా ఉండటమే ముఖ్యం. ఇప్పుడు కంపెనీ కొలతే ఉంచండి. తర్వాత కూడా బ్రేకు పట్టినప్పుడు ఫోర్కు అడుగుదాకా కొట్టుకుంటే ఆయిలు మట్టాన్ని 10 మి.మీ. చొప్పున పైకి తెచ్చి చూడొచ్చు.

స్పేసరు 15 మి.మీ. పెంచితే మీ శాగ్ 52 నుంచి 37, 38కి రావాలి. పాత స్పేసరు పొడవుకు 15 కలిపి మందపాటి యూపీవీసీ గొట్టంతో ఒక్క ముక్కగా చేయించండి, చివర్లు లేత్ మీద సూటిగా కోయించండి. రంపంతో కోసిన వంకర చివర స్ప్రింగును పక్కకు నెడుతుంది. స్ప్రింగుకూ స్పేసరుకూ మధ్య ఉక్కు వాషరు మరవకండి, లేకపోతే స్ప్రింగు ప్లాస్టిక్కును తొలిచేస్తుంది.

బురుజు నీడ · కర్నూలు

సరిచేయడానికేమీ లేదు. ఒక హెచ్చరిక మాత్రం. ప్రీలోడ్ పెంచితే స్ప్రింగు గట్టిపడదు, బండి ఎత్తుగా కూర్చుంటుంది, అంతే. మనిషి ఎక్కినప్పుడు 37 వచ్చి, ఖాళీ బండి శాగ్ 12కు పడిపోతే ఆ స్ప్రింగు మీ బరువుకు మెత్తనిదని అర్థం. అప్పుడు తర్వాతి మెట్టు బరువైన, అంటే ఇంకా గట్టి స్ప్రింగు.

నిర్వాహకుడు

లేత్ అబ్బాయి రాసినది పై వరసలో అతికించాను. చట్టం మీద వాదన పెంచాలనుకునే వాళ్లు వేరే శీర్షిక తెరవండి.

పెన్నా గట్టు · కడప

పని అయింది. ఆయిలు నిజంగానే బూడిద రంగు, పందెం నువ్వే గెలిచావు తమ్ముడూ. చేప వాసన. చెమ్మ ఉన్న ఎడమ కాలిలో సగమే మిగిలింది. శాగ్ ఇప్పుడు 38, ఖాళీ బండికి 13. ఘాట్ దిగాను. ముక్కు వంగుతోంది కానీ ఒక చోట ఆగి నిలబడుతోంది, బ్రేకు పట్టి ఉంచి మలుపులోకి వెళ్లగలుగుతున్నాను. ప్లాస్టిక్ టైకి పైన రెండు వేళ్ల చోటు మిగిలింది. కొలిమిగుండ్ల దారిలో దెబ్బ సగానికి తగ్గింది, పోలేదు. వెనక ప్రీలోడ్ రెండు మెట్లు పెంచాక ఇంటావిడ కూడా ఫిర్యాదు మానింది, ఫోర్కు ఘనత నాకే దక్కింది.

ఒకటి మాత్రం మిగిలింది. స్పీడ్ బ్రేకరు దిగేటప్పుడు హ్యాండిల్ దగ్గర "టక్" అని ఒక చప్పుడు. ముందు కూడా ఉండేదేమో, మిగతా చప్పుళ్లలో కలిసిపోయి ఉంటుంది.

లేత్ అబ్బాయి · తాడిపత్రి

అది ఫోర్కు కాదు, కోన్ సెట్టు (హ్యాండిల్ తిరిగే చోటి బేరింగులు). ముందు చక్రం లేపి, రెండు ఫోర్కు కాళ్ల అడుగుభాగం పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగి చూడండి. ఆడితే వదులైంది. తర్వాత హ్యాండిల్‌ను ఒక చివర నుంచి మరో చివరకు మెల్లగా తిప్పండి. సూటిగా ఉన్న చోట గుంటలో పడినట్టు ఆగితే రేసుల్లో (గుళ్లు తిరిగే రింగుల్లో) గుంటలు పడ్డాయి, బిగించి లాభం లేదు, సెట్టు మార్చాలి. కిందిదాకా కొట్టుకుంటూ తిరిగిన బండి కదా, గుంటలు పడే ఉంటాయి.

ఎర్రనేల · అనంతపురం

నాది కూడా విప్పించాను. ఇంజను ఆయిలే, తేనెలా కారింది! కంపెనీ చెప్పినది పోయించాక ఫోర్కు కదులుతుందని మొదటిసారి చూస్తున్నాను. స్పేసరు జోలికి వెళ్లలేదు, అవసరం రాలేదు.

పెన్నా గట్టు గారూ, మిగిలిన ఆ సగం దెబ్బకు ఎమ్యులేటర్లు వేస్తారట కదా, వాటి గురించి ఎవరికైనా తెలుసా?

బురుజు నీడ · కర్నూలు

తెలుసు. డాంపర్ రాడ్డు నెత్తిన, స్ప్రింగు కింద కూర్చునే చిన్న వాల్వు అది. మెల్లటి కదలికకు ఆయిలును ఆపుతుంది, వేగంగా దెబ్బ తగిలితే తెరుచుకుని వదిలేస్తుంది. రంధ్రాల లెక్కలో ఉన్న లోపాన్ని సరిదిద్దేది అదే, పెన్నా గట్టు గారి రెండు ఫిర్యాదులకూ ఒకే మందు. కానీ అది పనిచేయాలంటే రాడ్డులోని కింది రంధ్రాలను పెద్దవి చేసి, కొత్తవి కూడా వేయాలి, అడ్డంతా వాల్వే చూసుకునేలా. తిరిగి సాగే వేగాన్ని మాత్రం అప్పుడు కూడా ఆయిలు చిక్కదనమే నిర్ణయిస్తుంది. గొట్టం లోపలి వ్యాసానికి సరిపోయే కొలతే తెప్పించుకోవాలి, పైన కూర్చునేది కాబట్టి దాని మందం మేరకు స్పేసరు కూడా కోయాలి.

ముందు బరువైన స్ప్రింగు, తర్వాత ఎమ్యులేటర్. వరస మార్చకండి. రాడ్డుకు రంధ్రాలు వేశాక పూడ్చలేం, కాబట్టి ఇంకో జత రాడ్లు స్పేరు పార్టుల షాపులో కొని వాటికే వేయించండి. పాత జత గుడ్డలో చుట్టి అటక మీద పెట్టండి, బండి అమ్మేటప్పుడు కావాలి.